పదిహేడో గడి

కాశీబుగ్గలోని ఉద్దానం జీడి రైతుల పరస్పర సహాయ సహకార సంఘం వారు రెండువేల మూడో సంవత్సరం జూన్ నెలలో సమావేశమై, సంఘానికి తెలివి కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. సంఘం పుట్టి ఏడేళ్ళయినా ఆ అవసరం ఇంతవరకు కలగలేదనీ, ఇప్పుడైనా పై ఊళ్ళవాళ్ళు కొంటున్నారు కాబట్టే కొంటున్నామనీ మినిట్స్ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. అనుమానం ఉన్నవారు ఆఫీసు వేళల్లో వచ్చి చూసుకోవచ్చు.

ఆ తెలివి పూర్తిపేరు బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేరు. సంఘంలో జరిగే ప్రతి పనినీ కంప్యూటరులోకి ఎక్కిస్తే, అది అన్నిటినీ కలిపి, కెలికి, తప్పు ఎక్కడ జరుగుతోందో రంగుల బొమ్మ గీసి చూపిస్తుందట. పచ్చగా వస్తే బాగున్నట్టు, ఎర్రగా వస్తే బాగులేనట్టు. ఈ సంగతి అధ్యక్షులు మల్లేశ్వరరావుగారు విశాఖపట్నం సెమినారులో భోజనానికీ టీకీ మధ్య మేలుకుని ఉన్న కాసేపట్లో విని వచ్చారు.

తప్పు వెతకాల్సిన అగత్యం ఏమిటంటే, సంఘం షెడ్డులో పప్పు విరిగిపోతోంది. తోటల నుంచి వచ్చిన జీడిపిక్కల్ని అక్కడ ఉడకబెట్టి, కొట్టి, పొట్టు వలుస్తారు. పప్పు పప్పుగా వస్తే గుండు. రెండుగా చీలితే బద్ద. గుండుకున్న మర్యాద బద్దకి లేదు. రెండేళ్ళుగా గుండ్లు తగ్గి బద్దలు పెరగడంతో, మీ సరుకు పాయసంలోకి తప్ప ఎందుకూ పనికిరాదని బరంపురం వ్యాపారులు మొహాన్నే అనేశారు.

"ఎక్కడుంది లోపం?" అని అధ్యక్షులవారు మహాసభలో బల్ల గుద్ది అడిగారు. "చేతుల్లో ఉందా? చేతల్లో ఉందా? శాస్త్రీయంగా తేలాలి. దసరాలోగా తేలకపోయినా, చేతుల్లోనే ఉందని తేలినా షెడ్డు మూసేసి, పిక్కల్ని పిక్కలుగానే అమ్ముకుందాం!" షెడ్డులో పనిచేసే నలభైమంది ఆడవాళ్ళు కిటికీ అవతల నిలబడి ఈ ఉపన్యాసం విన్నారు. వాళ్ళకి కుర్చీలు వెయ్యలేదు కాబట్టి చప్పట్లు కొట్టే బాధ్యత కూడా లేదు.

లోపం ఎక్కడుందో, నిజానికి, అందరికీ తెలుసు. జీడిపండు పండి దానంతటది రాలాక పిక్క ఏరాలి. కంచిలి పక్కన అధ్యక్షులవారికి ముప్పై ఎకరాల తోట ఉంది. రాలేదాకా ఆగితే దొంగలు ఏరుకుపోతారని ఆయనకి దిగులు. అందుకని పచ్చిగా ఉండగానే గెడలతో కొట్టించి దింపేస్తారు. పచ్చిపిక్కలో పప్పు నిండదు, ఉడికితే ముడుచుకుంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. ఈ సంగతి డైరెక్టర్లకి తెలుసు, బాయిలరు దగ్గరవాడికి తెలుసు, టీ తెచ్చేవాడికి తెలుసు. షెడ్డు గుమ్మంలో పడుకునే కుక్కకి తెలియదని అంటారు గానీ, పాపం దాన్ని ఎవరూ అడగలేదు.

అందరికంటే ఎక్కువ తెలిసినవాడు కార్యదర్శి నారాయణరావు. ఎందుకంటే షెడ్డు మేస్త్రి పైడమ్మ అతని సొంత అప్ప. పదకొండో ఏట నుంచి పిక్కలు కొట్టి తమ్ముణ్ణి బీకాం చదివించిన మనిషి. పిక్క పెంకులోని జీడినూనె తగిలి తగిలి ఆవిడ వేళ్ళమీద గీతలన్నీ చెరిగిపోయాయి. బ్యాంకులో వేలిముద్ర వేస్తే నల్లటి మచ్చ పడుతుంది తప్ప ముద్ర పడదు.

చదువు లేకపోయినా పైడమ్మ పద్ధతి పైడమ్మకి ఉంది. తోటకొక వరస చొప్పున, ఏ తోట బస్తాలో ఎన్ని బద్దలు వచ్చాయో షెడ్డు గోడమీద బొగ్గుతో గీతలు గీస్తుంది. మొత్తం ఇరవై రెండు తోటలు. ఇరవై ఒక్క వరసలు జానెడేసి సాగి ఆగిపోయాయి. ఇరవై రెండోది గోడ చివరిదాకా నడిచి, మూల తిరిగి, పక్క గోడ ఎక్కింది. కంప్యూటరు ఆపరేటరు సంధ్య శనివారం శనివారం వచ్చి ఆ గోడని చూసి రిజిస్టరులోకి ఎక్కించుకునేది. ఆ రిజిస్టరు ఎవరూ చదవకుండా భద్రంగా బీరువాలో ఉండేది.

తీర్మానం జరిగిన మర్నాడు పొద్దున్నే నారాయణరావు అప్ప ఇంటికి వెళ్ళాడు. మొహం వెలిగిపోతోంది.

"అప్పా, బెంగెట్టుకోకు. మిసను వస్తాంది. ఉన్నది ఉన్నట్టు అదే సెప్పేత్తాది."

పైడమ్మ గంజి గిన్నె కింద పెట్టింది. "ఏటి సెప్తాది? నీకు తెల్దేటి? నాకు తెల్దేటి?"

"తెలిస్తే సరా? నాను సెప్తే నన్ను పీకేత్తారు. మిసను మీద ఎవులికి కోపమొస్తాది?"

"అంటే నీకు నోరు నేదని, నోరున్న మిసను కొంతన్నారన్నమాట."

నారాయణరావు నవ్వేశాడు. మాట మాత్రం నిజమే. నోరు లేనివాళ్ళందరూ కలిసి ఒక నోరు కొనుక్కుంటే తప్పేమిటని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే మూడు కంపెనీలకి ఉత్తరాలు రాశాడు.

సాఫ్ట్‌వేర్లని పోల్చడానికి ఏడుగురితో కమిటీ ఏర్పడింది. అందులో ఇద్దరు కంప్యూటరుని దగ్గరగా చూసినవారు. ఒకరు ముట్టుకున్నవారు కూడా. వీరు మూడు వారాలు శ్రమించి పదహారు గళ్ళ పట్టిక తయారుచేశారు. ఎన్ని రంగులు వస్తాయి, కరెంటు పోయినప్పుడు పనిచేస్తుందా, తుఫానుకి తట్టుకుంటుందా, నేర్పడానికి ఎన్నాళ్ళు పడుతుంది, ఆ నేర్పినన్నాళ్ళూ టిఫిను ఎవరు పెట్టాలి, తెలుగు అర్థమవుతుందా, కాకపోతే కనీసం ఒడియా అయినా అర్థమవుతుందా... ఇలా గడికొక మార్కు. ఇంత లోతైన పట్టిక ఉత్తరాంధ్రలో అంతకు ముందు తయారైన దాఖలా లేదు.

మొదట హైదరాబాదు వారు వచ్చారు. జూలై నెల ఉక్కలో టై కట్టుకుని వచ్చిన ఆ ప్రతినిధి, ముంబయిలో చొక్కాలు ఎలా అమ్ముడవుతున్నాయో తెరమీద చూపించాడు. అంతా పచ్చపచ్చగా, కళకళలాడుతూ ఉంది. కమిటీ పరవశించింది. అంతలో బైరాగి లేచాడు. బైరాగిది బారువ దగ్గర సముద్రంలో చేపల వేటకి వెళ్ళే కుటుంబం. రెండెకరాల జీడితోట ఉండటంవల్ల డైరెక్టరు కూడా అయ్యాడు.

"బస్తా పైనున్న పిక్కలెప్పుడూ బాగుంతాయి బాబూ! పైనొక పిడికిడు, నడుమొక పిడికిడు, అడుగునొక పిడికిడు తియ్యాల. కోసి సూడాల. అప్పుడు కదేటి సరుకు తెలిసీది!"

కమిటీ సిగ్గుపడింది. పిక్కలు కొనేవాళ్ళు ఎవరైనా చేసే పనే అది. మూడు చోట్ల నుంచి తీసి, కోసి, లోపల పప్పు చూసి గానీ బస్తాకి ధర కట్టరు. అలవాటు ఎంత బలమైనదంటే, సంఘానికి ఫ్యాను కొన్నప్పుడు కూడా మూడు రెక్కలూ విడివిడిగా తిప్పి చూశారు. అలాంటిది తెలివి కొంటూ మర్చిపోవడమా! వెంటనే సంధ్య బీరువా తెరిచి రిజిస్టరు తెచ్చింది. ఏటా ఆడిటరు మొదటి పేజీ చూసి సంతకం చేసేవాడు. చరిత్రలో మొదటిసారిగా నడిమి పేజీ, ఆఖరి పేజీ కూడా తెరుచుకున్నాయి. మూడు పేజీలూ కంప్యూటరులోకి వెళ్ళాయి.

నాలుగు నిమిషాల్లో తెరమీద ఇరవై ఒక్క పచ్చటి మొలకలూ, వాటి పక్కన ఒక ఎర్రటి స్తంభమూ లేచాయి. ఆ స్తంభం పైపైకి పోయి, తెర చాలక ఆగింది. దాని కింద 'శ్రీ మల్లేశ్వరరావు గారి తోట, కంచిలి' అని తాటికాయంత అక్షరాలతో పడింది. అచ్చంగా పైడమ్మ గోడ! మూల తిరగలేదు గానీ, తెరకి మూల ఉంటే తిరిగి ఉండేదే.

నారాయణరావు కుర్చీ అంచుకి జరిగాడు. చెప్పింది తల్లీ, చెప్పేసింది అనుకున్నాడు. ఆ టై కుర్రాడు కూడా, పాపం, పూలదండ పడుతుందనే అనుకున్నాడు. "సార్, సమస్య దొరికింది! ఈ ఒక్క తోట సరుకు ఆపేస్తే చాలు!" అని చెయ్యి చాచాడు. చెయ్యి అందుకునేవారు లేక చాలాసేపు అలాగే ఉంది.

"కరెంటు ఎక్కువ తక్కువలు అయినప్పుడు ఇలాంటివి జరుగుతాయి" అన్నారు మల్లేశ్వరరావుగారు శాంతంగా.

"మా ఇంట్లో టీవీకి కూడా ఇంతే సార్, ఎరుపు ఎక్కువ" అన్నాడు ఉపాధ్యక్షుడు తిరుమలరావు. ఆయన ఉపాధ్యక్షుడైందే ఇలాంటి సమయాల కోసం.

కమిటీ ఊపిరి పీల్చుకుంది. మొదటి సాఫ్ట్‌వేరు ఎదురుగా 'ఎరుపు అధికము' అని రాయమన్నారు. రాసింది ఎవరు? నారాయణరావే. అతని దస్తూరి ముత్యాల కోవ. ఆ మాటకూడా అందంగానే వచ్చింది.

రెండోవారు విశాఖ వారు. వారిది గుండ్రటి బొమ్మ. ఎవరి వాటా ఎంతో ముక్కలుగా కోసి చూపిస్తుంది. మూడు పిడికిళ్ళూ పడగానే ఆ గుండ్రం మూడొంతులు ఎర్రబడింది. పేరు మళ్ళీ అదే. మల్లేశ్వరరావుగారు ఒక్క క్షణం ఆలోచించి, తూర్పు ఎటు అని అడిగారు. ఎరుపు సరిగ్గా ఈశాన్యంలో పడిందని తేలింది. ఈశాన్యంలో నిప్పురంగు ఉంటే సంస్థకి అరిష్టం. ప్రతినిధి కంగారుపడి బొమ్మని ఆగ్నేయానికి తిప్పాడు. వాస్తు సరిపోయింది గానీ, పేరు కూడా ఎరుపుతోపాటే తిరిగి వచ్చింది. 'వాస్తు లోపము, తిప్పినను పోదు' అని నారాయణరావు రాశాడు. ఈసారి ముత్యాలు కొంచెం వంకర పోయాయి.

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షులవారు గద్గదస్వరంతో మాట్లాడారు. "మిత్రులారా! మనం ప్రజాస్వామ్యంలో ఉన్నాం. ఇక్కడ యంత్రం మనిషి మాట వినాలా, మనిషి యంత్రం మాట వినాలా? ఎన్నికైన సభ్యులు ఏడుగురు ఒకటంటుంటే, ఒంటరి పెట్టె ఒకటి వేరే అంటుందా? తెలివికి వినయం శోభ!" చప్పట్లు మోగాయి. పట్టికలో పదిహేడో గడి చేరింది. 'సభ్యులు కోరినచో ఫలితమును సవరించుకొను వినయము కలదా?' మొదటి పదహారు గళ్ళకీ గడికొక మార్కు. ఈ గడికి ఎనభై నాలుగు. వెరసి నూరు.

మూడోవారు భువనేశ్వర్ నుంచి వచ్చారు. వారి ప్రతినిధికి టై లేదు, చెప్పులతో వచ్చాడు. పెట్టె తెరవకముందే చేతులు కట్టుకుని, ఒడియాలో అయ్యా అన్నట్టుగా, "ఆజ్ఞా, తమకి ఏం కనబడాలి?" అని అడిగాడు. అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకి తెలివంటే ఏమిటో తెలిసిన మనిషి దొరికాడు.

ఎర్రస్తంభం లేవనే లేచింది. కానీ ఇతను దానిమీద ఒక్క నొక్కు నొక్కాడు. స్తంభం లేదు, పేరు లేదు. కమిటీ ఆహా అంది. అంతలో యంత్రం ఏదో అడిగింది. ప్రతినిధి వినయంగా వివరించాడు. "విరిగినవి విరిగినవే కదా ఆజ్ఞా. ఇక్కడ తీసిన ఎరుపు ఇంకోచోట పెట్టాలి. ఎక్కడ పెట్టమంటారు?"

మల్లేశ్వరరావుగారు చుట్టూ చూశారు. డైరెక్టర్లందరికీ తోటలున్నాయి. అందరూ తమ తమ కాళ్ళవైపు శ్రద్ధగా చూసుకుంటున్నారు. తోట లేనివాళ్ళూ, గదిలో కుర్చీ లేనివాళ్ళూ ఎవరా అని చూస్తే కిటికీలోంచి షెడ్డు కనిపించింది.

"షెడ్డు మీద పెట్టండి."

ఎర్రస్తంభం మళ్ళీ లేచింది. కింద 'హస్తదోషము' అని పడింది. నారాయణరావు చటుక్కున లేచి నిలబడ్డాడు.

"సార్..."

"ఏమిటి నారాయణరావు?"

"టీ చల్లారిపోతోంది సార్."

అందరూ టీ తాగారు.

భువనేశ్వర్ పెట్టె ప్రారంభోత్సవం నాటికి షెడ్డు గోడకి సున్నం వేయించారు. బొగ్గుగీతలు మొండివి. మొదటి పూతకి పోలేదు, రెండో పూతకీ పోలేదు. మూడో పూతకి ఇరవై రెండో వరస కూడా లొంగింది. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరొకాయన ముఖ్య అతిథిగా వచ్చాడు. వేదికమీద అలంకారానికి పేర్లు లేని మూడు బస్తాల పిక్కలు రిబ్బన్లు కట్టి పెట్టారు. షెడ్డులో అందరికంటే పెద్దది కాబట్టి దీపం వెలిగించడానికి పైడమ్మని పిలిచారు.

పైడమ్మ దీపం వెలిగించింది. తిరిగి వస్తూ వస్తూ, పక్కన బస్తా ఉంటే చెయ్యి ఊరుకుంటుందా? పైన, నడుమ, అడుగున చెయ్యి పెట్టింది. పిక్కల్ని వేళ్ళతో నొక్కి చూసింది.

"ఇది బైరాగి తోటది. బాగుంది. ఇది సోంపేట ఏపుది, కొంచెం తడి తగిలినాది. ఇది పచ్చిపిక్క. గెడతో రాలగొట్టినారు. నూటికి అరవై బద్దలే."

ఆఫీసరు సరదాపడి పిక్కలు కోయించి చూశాడు. లెక్కపెడితే నూటికి అరవై రెండు. "అద్భుతం!" అన్నాడు. "పోలిక పట్టికలో ఈవిడ పేరేదీ? నాలుగో అభ్యర్థిగా చేర్చి మార్కులు వెయ్యండి. ఎవరికి ఎక్కువొస్తే వారి నివేదికే ఖాయం చేసుకోండి." మైకులో అన్నాడు కాబట్టి అది ఉత్తర్వు అయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవారు మల్లేశ్వరరావుగారు. పదిహేడో గడి ఆయనకి గుర్తుంది.

నారాయణరావు కూర్చుని నాలుగో వరస నింపాడు. కరెంటు పోతే పనిచేయునా? చేయును. తుఫానుకి తట్టుకొనునా? ఇప్పటికి మూడింటిని తట్టుకొనెను. తెలుగు వచ్చునా? దివ్యముగా వచ్చును. టిఫిను? ఇంటినుంచి తెచ్చుకొనును. పదహారు గళ్ళకి పదహారు మార్కులు! భువనేశ్వర్ పెట్టెకి పదహారింట్లో తొమ్మిదే. ఇక మిగిలింది ఒక్క గడి. దాంట్లో ఏం పడితే దానిమీద నలభై ఇళ్ళ పొయ్యి. నియమం ప్రకారం పరీక్షించకుండా మార్కు వెయ్యకూడదు. లేచి షెడ్డుకి వెళ్ళాడు.

"అప్పా, ఆ మూడో బస్తా బాగుందని ఒక్కపాలి అనీ. ఒక్కపాలే. మార్కులొచ్చేత్తాయి, సెడ్డు నిలబడతాది."

"బాగుందని అనడానికి నానెందుకు? ఆ మిసను నేదేటి?"

నారాయణరావు కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"పోనీ మార్కులు నువ్వే ఏసీ. కలం నీ సేతిలోనే కదా ఉన్నాది."

"పీకేత్తారప్పా. పిల్లలున్నారు."

పైడమ్మ వేళ్ళు చూసుకుంది. "నీ సేతిలో ఆ కలం ఎట్టడానికే కదరా ఇవి అరగదీసుకున్నాను." అంతలోనే నవ్వింది. "సర్లే, ఏడవకు. సున్నాయే ఏసీ. సక్కగా గుండ్రంగా ఎయ్యి, నీ సేతిరాత బాగుంతాది."

పట్టిక కింద అభ్యర్థి ముద్ర ఉండాలంటే బొటనవేలు ఆనించింది. గీతల్లేని నల్లమచ్చ పడింది. నారాయణరావుకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు ఎగబీల్చాడు, గడిలో సున్నా చుట్టాడు. అంత గుండ్రటి సున్నా సంఘం రికార్డుల్లో మరొకటి లేదు.

పైడమ్మకి పదహారు. భువనేశ్వర్ వారికి తొంభై మూడు. తెలివి కొనడం పూర్తయింది.

హస్తదోషం శాస్త్రీయంగా రుజువైంది కాబట్టి దసరాకి వారం ముందే షెడ్డు మూసేశారు. ఆడవాళ్ళు కాశీబుగ్గ ప్రైవేటు ఫ్యాక్టరీల్లో తలో చోట చేరారు. పైడమ్మని సోములు అనే వ్యాపారి జీతం సగం పెంచి మరీ తీసుకెళ్ళాడు. ఆవిడ చెయ్యి పెట్టి ఊఁ అంటే గానీ అతను బస్తా దింపించడు. గోదాములో మిగిలిన పిక్కలు అమ్మకానికి వెళ్ళినప్పుడు అధ్యక్షులవారి లారీ కూడా ఆ గుమ్మానికే వచ్చింది. పైడమ్మ పైన, నడుమ, అడుగున చూసి లారీ తిప్పుకోమంది. ఆయన ముందు సీటులోంచి దిగి, "పైడమ్మా, నేను" అన్నారు.

"మీరే బాబూ. పిక్కలూ మీవే" అంది పైడమ్మ. లారీ తిరిగి వెళ్ళిపోయింది.

సంఘంలో ఇప్పుడు పిక్కలు ఉడకవు కాబట్టి పప్పు విరగదు. తెర ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పచ్చగా ఉంటుంది. ఎవరూ ఏదీ నొక్కకుండానే, సవరించకుండానే! పెట్టె కొన్న తర్వాత అది చెప్పిన మొదటి నిజం అదే. నారాయణరావు రోజూ దానికి ఎదురుగా కూర్చుని, వచ్చినవాళ్ళకి చూపిస్తూ ఉంటాడు. వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. జిల్లాలో ఆదర్శ సంఘం అని జ్ఞాపిక కూడా ఇచ్చారు.

పోలిక పట్టిక నకలు పంపమని రాష్ట్రం నలుమూలల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. ఆఫీసులు, బ్యాంకులు, కాలేజీలు, ఒకటని కాదు. మొదటి పదహారు గళ్ళ గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మీ ఆఫీసు ఉత్తరం కూడా అందింది. నారాయణరావు తన ముత్యాల దస్తూరితో జవాబు రాసి పోస్టు చేశాడు. ఈపాటికి మీకు చేరే ఉంటుంది.